లేనిచో ఎంత లేదు?

మన దేశంలో ఫలానాది లేదు అంటే మా డైరెక్టర్ చిదానందం గారికి ఒళ్లు మండుకొస్తుంది. అది మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి సంగతి. నలుగురికీ ఉన్నది మనకెందుకు లేదు, అంతే. ఈ కథ మొదలయ్యేనాటికి నేను ఆయన కింద పదకొండేళ్లుగా సూపరింటెండెంటుగా పనిచేస్తున్నాను. నా సర్వీసు మొత్తంలో ఒక్కసారే సొంత బుర్ర వాడాను. ఆ కథే ఇది.

నా పేరు పానకాలరావు. మాది వాయు గణాంక శాఖ. ఎక్కడి నుంచి ఏ వాయువు ఎంత లేస్తోందో లెక్క రాయడం మా పని. దేశమంతటికీ ఇదొక్కటే శాఖ. రాజధానిలో గది ఖాళీ లేదని తెచ్చి మా జిల్లా కేంద్రంలో పెట్టారు. ఇన్నేళ్లలో మేమెవరం ఏ వాయువునూ కంటితో చూసిన పాపాన పోలేదు. చూడాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆ ఏడు డైరెక్టర్ గారు విదేశంలో ఏదో మహాసభకు వెళ్లి, మొహం మాడ్చుకుని తిరిగొచ్చారు. పెట్టె ఇంటికి పంపించి, తాను తిన్నగా ఆఫీసుకే వచ్చి, నన్ను పిలిచి తలుపు వేయమన్నారు.

"పానకాలరావు గారూ, ప్రపంచం ముందు మనకు గీత గీశారు" అన్నారు. 

"ఏం గీత సార్?"

కోటు జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచారు. పైన పెద్ద అక్షరాలతో "నీరు తీసిన సేంద్రియ నేలల నుంచి నైట్రస్ ఆక్సైడ్: దేశాల మధ్య పోలిక" అని ఉంది. కింద నలభై రెండు దేశాలు. నలభై ఒక్క దేశాల ఎదురుగా అంకెలున్నాయి. అట్టడుగున మన దేశం. దాని ఎదురుగా అడ్డంగా చిన్న గీత.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. చిత్తడి నేలల్లో ఆకూ గడ్డీ వందల ఏళ్లు నీళ్ల కింద కుళ్లి, పేరుకుని, నల్లటి మెత్తటి నేల అవుతుంది. నీళ్లున్నంత కాలం అది కదలదు మెదలదు. ఎవరైనా కాలవ తవ్వి ఆ నీళ్లు తీసేస్తే, గాలి తగిలి, అందులోంచి ఈ నైట్రస్ ఆక్సైడ్ లేస్తుంది. బొగ్గు పొగలో ఉండే వాయువు కంటే ఇది కొన్ని వందల రెట్లు ఎక్కువగా భూమిని కాలుస్తుంది. అంచేత నీళ్లు తీసిన ప్రతి దేశమూ ఎంత వాయువు వదిలిందో ఏటేటా చెప్పుకోవాలి. చెప్పుకోవడంలో సిగ్గుపడాల్సింది ఉందని నేను అనుకున్నాను. నా అమాయకత్వం!

"నా పక్క కుర్చీలో ఒకాయన కూర్చున్నాడు" అన్నారు డైరెక్టర్ గారు. "వాళ్ల దేశం మన జిల్లాలో సగం ఉండదు. ఉన్న చిత్తడంతా తాతల నాడే ఆరబెట్టేసుకున్నారు. ఇప్పుడు కొంచెం మళ్లీ తడిపి, నలభై శాతం తగ్గించామన్నారు. వేదిక మీదికి పిలిచి, చప్పట్లు కొట్టి, గాజు కొంగ బొమ్మ ఇచ్చారండీ! మాకేదీ అని అడిగాను. తగ్గించడానికి మీ దగ్గర లేదు కదా అని నవ్వారు. నవ్వారు పానకాలరావు గారూ!"

"లేకపోవడం మంచిదే కదా సార్" అని నోరు జారాను.

"మంచిదైతే కొంగ మనకే ఇవ్వాలి కదా?"

 

మా శాఖలో గడి ఖాళీగా వదలకూడదు, నిల్ అని రాస్తే నమ్మకూడదు. ఉన్నదానికి ఒక కాగితం ముక్క చాలు. లేదనడానికి మాత్రం ఊరూరి నుంచీ రుజువు రావాలి. కనుక డైరెక్టర్ గారు అప్పటికప్పుడే సర్క్యులర్ చెప్పారు, నేను రాసుకున్నాను. "ఇందుమూలముగా సమస్త గ్రామ రెవెన్యూ అధికారులకు తెలియజేయునది ఏమనగా, ఒకటి: మీ గ్రామమందు సేంద్రియ నేల ఉన్నదా? రెండు: ఉన్నచో నీరు తీయబడినదా? మూడు: లేనిచో ఎంత లేదు?"

నా కలం ఆగింది. "మూడోది అర్థం కాలేదు సార్."

"ఎంత విస్తీర్ణంలో లేదు అని. లేదు అన్న మాట కూడా పరిమాణాత్మకంగా ఉండాలి. లేకపోతే ఎవరైనా లేదు అనేస్తారు."

ముందు మన జిల్లా వరకే చూద్దామని బతిమాలి, అంతవరకే పంపించాను. జవాబులు చకచకా వచ్చాయి. "మా గ్రామ విస్తీర్ణము మొత్తములో లేదు, చెరువుతో కలిపి" అని ఒకరు రాశారు. "లేదు, వెంటనే మంజూరు చేయగోరుచున్నాము" అని ఇంకొకరు. "తమరు ఎంత ఉండమంటే అంత ఉండగలదు" అని మూడో ఊరివాడు. వాడు ఉద్యోగంలో చాలా పైకి వస్తాడనిపించింది.

ఒక్క చినపర్రపాలెం నుంచి మాత్రం ఏసుపాదం అనే గ్రామ రెవెన్యూ అధికారి ఉన్నది ఉన్నట్టు రాశాడు. "సముద్రపు రేవు దగ్గర పర్ర, అనగా చిత్తడి నేల, కలదు. నాలుగు వందల పన్నెండు ఎకరములు. నల్ల నేల. ఏడాది పొడుగునా మోకాలి లోతు మంచినీళ్లు. తుంగ పెరుగును. నలభై మూడు కుటుంబములు తుంగచాపలు నేసి బతుకుచున్నవి. నీరు తీయబడలేదు."

డైరెక్టర్ గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, పైకప్పు వైపు చూశారు. "సగం పని ప్రకృతి చేసి పెట్టింది. ఇక మిగిలింది నీరు తీయడమే" అన్నారు.

"ఉన్న నీళ్లు తీయడం ఎందుకు సార్?"

"మళ్లీ పెట్టడానికి. మొదట తీస్తాం, వాయువు వస్తుంది. పట్టికలో మనకు అంకె వస్తుంది. మరుసటేడు నీళ్లు పెడతాం, వాయువు తగ్గుతుంది. కొంగ వస్తుంది."

"ఇప్పుడు రావడమే లేదు కదా సార్, అలా వదిలేస్తే..."

"మీది నిష్క్రియాత్మక సాధన అండీ. దేశానికి కావాల్సింది క్రియాత్మక తగ్గింపు."

మర్నాడే జీపు కట్టించి నన్ను కూడా చినపర్రపాలెం బయల్దేరదీశారు. ఏసుపాదం ఊరి మొదట్లోనే కాసుకుని ఉండి మమ్మల్ని పర్ర గట్టుకు తీసుకెళ్లాడు. చూపు ఆనినంత మేరా తుంగ. మధ్య మధ్య నీళ్లు, నీళ్లలో తెల్ల కొంగలు, గాజువి కావు, ఊరికే బతికున్నవి. గట్టు మీద పాకలో అరవై ఏళ్ల మనిషి మగ్గం ముందు కూర్చుని చాప నేస్తోంది. చుట్టూ ఆకుపచ్చ మోపులు ఒక పక్క, ఎండి గోధుమరంగు తిరిగినవి ఇంకో పక్క. ఆవిడ పేరు నాంచారమ్మ. చాపల సంఘానికి పెద్ద. ఊళ్లో ఆవిడ మాటకు తిరుగులేదని ఏసుపాదం నా చెవిలో ఊదాడు.

"ఏమ్మా, ఈ తుంగను ఏం చేస్తారు?" అన్నారు డైరెక్టర్ గారు, ప్రజలతో మాట్లాడే గొంతుతో.

"చూస్తన్నారుగా అయ్యా. పచ్చి తుంగ కోసి మూడురోజులు ఎండబెడతాం. చీల్చుకుంటాం. మళ్లా నీళ్లల్లో నానేసి, తడి మీద నేస్తాం. ఎండబెట్టంది బలం రాదు, తడపంది వంగదు."

డైరెక్టర్ గారు ఠపీమని నా భుజం పట్టుకున్నారు. "విన్నారా? ఎండబెట్టడం, తడపడం! ఇది వీళ్ల తరతరాల విజ్ఞానం. మన పథకానికి సంప్రదాయ మూలం దొరికింది. రాసుకోండి."

"అది తుంగకు సార్. నేలకు కాదు" అన్నాను గొణుగుతూ.

ఆవిడ మగ్గం ఆపింది. "నేలని ఎండబెడతారా? ఏందయ్యా ఆ మాట?"

డైరెక్టర్ గారు ఓపిగ్గా వివరించారు. అంతర్జాతీయ పోలిక, దేశ ప్రతిష్ఠ, ఆధార సంవత్సరం. చివర్లో "ఒక్క రెండేళ్లు ఓర్చుకోండమ్మా. మీ నీళ్లు మీకు తిరిగి ఇచ్చేస్తాం" అన్నారు.

"నీళ్లు మాయేగా? తీసుకుని మళ్లా ఇయ్యటం ఎందుకు?"

"ఇవ్వడం కోసమే అమ్మా."

నాంచారమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి, నా వైపు తిరిగింది. "సారూ, ఈయనకి ఒంట్లో బానే ఉందా? పర్ర ఆరితే తుంగ చచ్చిద్ది. తుంగ చస్తే మాకు ఇంకో పనే రాదు. మా అమ్మమ్మ కాణ్ణుంచీ ఇదే. ఊరు ఊరంతా కూచుని తీర్మానం చేస్తే గానీ పర్రలో పలుగు దిగకూడదు, అది రూలు. మేం చెయ్యం. మీరేం చేసుకుంటారో చేసుకోండి."

రూలు నిజమేనని ఏసుపాదం తల గోక్కుంటూ ఒప్పుకున్నాడు. ఉమ్మడి చిత్తడిలో కాలవ తవ్వాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. జీపులో తిరిగొస్తూ డైరెక్టర్ గారు పళ్లు నూరారు. గ్రామసభను ఒప్పించే మార్గాలు చాలా ఉన్నాయన్నారు. ఆ మార్గాలేమిటో పదకొండేళ్లుగా ఆయన కింద ఉన్న నాకు తెలియనివి కావు. పోలీసులతో మొదలై పోలీసులతో ముగుస్తాయి. నాకు ఆ ఆకుపచ్చ మోపులే కళ్ల ముందు మెదిలాయి.

ఆఫీసుకు రాగానే టీ తెప్పించుకున్నాను. మా శాఖకు ఒక లావుపాటి మార్గదర్శక గ్రంథం ఉంది. పదకొండేళ్లుగా నా బల్ల మీద టీ గ్లాసు దాని మీదే పెడుతున్నాను. ఆ రోజు గ్లాసు తీసి, దాన్ని తెరిచాను. చదివినకొద్దీ నాకు నవ్వాగలేదు. నైట్రస్ ఆక్సైడ్ ఎంతో తెలియాలంటే వాయువును పట్టుకోనక్కర్లేదు. నీళ్లు తీసిన నేల ఎన్ని హెక్టార్లో రాసి, దాన్ని పుస్తకంలో ఉన్న అంకెతో గుణిస్తే చాలు. చల్లటి దేశాలకు ఒక అంకె, వేడి దేశాలకు ఒక అంకె. నలభై ఒక్క దేశాల్లో చాలావరకు చేస్తున్నది ఇదేనని పట్టిక అడుగున చిన్నక్షరాల్లో ఉంది. ఒకే పుస్తకంలోంచి అందరూ కాపీ కొట్టి, ఎవరికెన్ని మార్కులొచ్చాయో చూసుకుంటున్నారన్నమాట!

ఏ రెండు మూడు దేశాలో నేల మీద డబ్బాలు బోర్లించి నిజంగానే వాయువును కొలుస్తున్నాయి. వాళ్ల అంకెలు మిగతా వాళ్లతో కలవడం లేదని, పట్టికలో వాళ్ల పేర్ల పక్కన చుక్క గుర్తు పెట్టారు. ఇంకో దేశమైతే మరీ ఘనం. జానెడు లోతు నల్లమట్టి ఉంటే సేంద్రియ నేల అని పాత నిర్వచనం. దాన్ని మూరెడు చేసుకుంది. ఒక్క సంతకంతో వాళ్ల వాయువు సగమైపోయింది.

ఆ పుస్తకం చంకన పెట్టుకుని డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లాను. "సార్, పర్ర నీళ్లు తీయక్కర్లేదు. తీసినట్టు అడంగల్లో రాస్తే చాలు." అడంగల్ అంటే ఊళ్లో ఏ భూమిలో ఏముందో ఏటేటా రాసే పుస్తకం. "ఈ ఏడు ఆరినది అని రాస్తాం. వచ్చే ఏడు తడిసినది అని రాస్తాం. తగ్గింపు నూటికి నూరు. పలుగూ వద్దు, పారా వద్దు, గ్రామసభా వద్దు." జానెడును మూరెడు చేసుకున్న దేశం సంగతి కూడా చెప్పాను.

  ఆయన లేచి వచ్చి నా చేయి పట్టుకుని ఊపేశారు. "అభిలేఖాత్మక ఆరుదల! పానకాలరావు గారూ, ఇన్నేళ్లూ మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను. సగం చేసుకున్న ఆ దేశం చూడండి, ఒక్క సంతకం! పరిపాలన అంటే అదీ!"

మర్నాడు బస్సెక్కి ఒక్కణ్ణే చినపర్రపాలెం వెళ్లాను. ఏసుపాదం అడంగల్ తెచ్చాడు గానీ రాయడానికి చెయ్యి రాలేదు. "నీళ్లు కనపడతా ఉంటే ఆరింది అని ఎట్టా రాయను సార్? ఒట్టు, నాకు గుండె దడగా ఉంది" అన్నాడు. పుస్తకం నా వైపు తిప్పుకుని నేనే రాశాను. "పర్ర, నాలుగు వందల పన్నెండు ఎకరములు, నీరు తీయబడి ఆరినది." వాడు కళ్లు మూసుకుని ముద్ర గుద్దాడు.

నాంచారమ్మకు విషయమంతా చెప్పాను. ఆవిడ కాసేపు విని, పైట నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. "అంటే కాయితంలో ఎండిద్ది, ఇక్కడ తడిగానే ఉండిద్దా? భలే వాడివయ్యా తమ్ముడూ!"

తమ్ముడూ అంది. నా సర్వీసులో అంత మంచి రిమార్కు ఏ ఫైల్లోనూ నాకు పడలేదు. వద్దంటున్నా వినకుండా, కూర్చోవడానికి పనికొచ్చే చిన్న చాప ఒకటి చుట్టి నా చంకలో పెట్టింది. బస్సులో దారి పొడుగునా దాని పచ్చి వాసన చూసుకుంటూ వచ్చాను. ఒక ఊరిని కాపాడానని గర్వంగా కూడా అనిపించింది, దాచడం ఎందుకు?

ఆ ఏడు పట్టికలో మన గీత పోయి అంకె వచ్చింది. డైరెక్టర్ గారు ఆ పేజీకి ఫ్రేము కట్టించారు. మరుసటేడు నేనే వెళ్లి "తడిసినది" అని రాసొచ్చాను. తగ్గింపు నూటికి నూరు. ప్రపంచంలో ఇంత వరకు ఎవరూ సాధించలేదట. గాజు కొంగను మహాసభ వాళ్లే తెచ్చి ఇస్తామని, ఆ తడిసిన నేలను కళ్లారా చూస్తామని కబురు పెట్టారు.  మూడు రోజులు చినపర్రపాలెంలోనే కూర్చుని నాంచారమ్మకు పాఠం చెప్పాను. "ఎండినప్పుడు చాలా కష్టపడ్డాం, ఇప్పుడు బాగుంది" అని చెబితే చాలన్నాను. సరేనంది.

ముగ్గురు వచ్చారు. వాళ్లకు పెద్ద ఒక పొడుగాటి దొరసాని. తెలుగు చెప్పే మనిషిని వెంట తెచ్చుకుంది. గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు తాకి, కళ్లు తుడుచుకుంది. తర్వాత నాంచారమ్మను అడిగింది, పర్ర ఎండిపోయినప్పుడు ఎలా ఉండేదని. నాంచారమ్మ నా వైపు చూసింది. నేను కళ్లతో బతిమాలాను.

"ఎప్పుడు ఎండిందమ్మా?" అంది ఆవిడ. "మా అమ్మమ్మ నాటి నుంచీ ఇట్టానే ఉంది. అబద్ధం చెప్పమన్నారు గానీ నా వల్ల కాలా."

తెలుగు చెప్పేవాడు మొదటి రెండు ముక్కలూ చెప్పి, మూడోది మింగాడు. డైరెక్టర్ గారు జీపు వైపు ఒక అడుగు వేశారు. దొరసాని మాత్రం చేతులు జోడించి ఏదో అంది. తెలుగు చెప్పేవాడు గంభీరంగా ప్రకటించాడు. "అద్భుతమంటున్నారు. నేల ఎంత సంపూర్ణంగా కోలుకుందంటే, అది ఎండిన జ్ఞాపకం కూడా ఈ ప్రజల్లో మిగల్లేదట."

కొంగ వచ్చింది. డైరెక్టర్ గారి గదిలో, ఫైళ్ల మధ్య, ఒంటికాలి మీద నిలబడింది.  ఇంక అయిపోయిందనే అనుకున్నాను.

రెండు నెలలకు మహాసభ నుంచి ఉత్తరం వచ్చింది. "మీ సాధన చరిత్రాత్మకము. ఇట్టి తగ్గింపును ఈ సంవత్సరము కూడా కొనసాగించగలరని విశ్వసిస్తున్నాము. సరిపోల్చుటకై ఆరిన స్థితి, తడిసిన స్థితి రెండింటి ఫొటోలను జతపరచగలరు. లేనిచో కొంగను వాపసు పంపగలరు."

"సున్నా నుంచి ఇంకేం తగ్గిస్తాం సార్?" అన్నాను.

"అందుకే మళ్లీ ఆరాలి" అన్నారు డైరెక్టర్ గారు కొంగ వీపు నిమురుతూ.

"రాసేద్దాం సార్. ఫొటోకు ఏ బీడు భూమో చూపిద్దాం."

"జీపీఎస్ ఫొటో అండీ. ఎక్కడ తీశారో దాని మీదే పడుతుంది. ఈసారి నిజంగానే తవ్వాలి."

నాకు చివరి ఆశ ఒకటుంది. దాన్నే పట్టుకున్నాను. "గ్రామసభ ఒప్పుకోదు సార్. కొత్తగా ఆరబెట్టాలంటే తీర్మానం కావాలి."

ఆయన చిరునవ్వు నవ్వి నా రాతనే నా ముందు పెట్టారు. అడంగల్ నకలు. "కొత్తగా ఎక్కడండీ? రికార్డు ప్రకారం రెండేళ్ల కిందటే ఆరింది. అప్పుడు ఊళ్లో ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. ఇప్పుడు చేసేది మరమ్మతు. మరమ్మతుకు తీర్మానం ఎందుకు?"

 ఆ రోజు కుర్చీలోంచి లేచి, ఆ రాత దొంగ రాత అని అరిచి ఉండాల్సింది. ఉద్యోగం పోయేది. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. నేను అరవలేదు. ఇది నాకు నేను చెప్పుకునే సాకు కాదు, మీరు నన్ను తిట్టుకోవడానికి చెబుతున్నాను.

పొక్లెయిన్ వచ్చిన రోజు నన్నే పర్యవేక్షణకు పంపారు. నలభై మూడు కుటుంబాల ఆడవాళ్లూ గట్టుకు అడ్డంగా కూర్చున్నారు. నాంచారమ్మ ముందు నిలబడి గొంతెత్తింది. "తీర్మానం ఏదీ? తీర్మానం లేకుండా ఎట్టా తవ్వుతారు?" ఏసుపాదం ఏడుపు మొహంతో అడంగల్ తెచ్చి ఆవిడ ముందు తెరిచాడు. ఆవిడకు చదువు రాదు. చదివించుకుంది. విని, నా వైపు తిరిగింది.

"ఇది నువ్వు రాసిందేనా తమ్ముడూ?"

తలూపాను. 

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "లేవండే. కాయితంలో మన పర్ర ఎప్పుడో చచ్చిందంట. సారు రాశారు" అంది ఆడవాళ్లతో.

సారు అయిపోయాను. యంత్రం గట్టు కొట్టి రేవు దాకా కాలవ తీసింది. పన్నెండు రోజుల్లో నీళ్లు దిగిపోయాయి. వేసవి వచ్చేసరికి తుంగ ఎండి, నేల బీటలు వారి, అడుగున్నర కుంగింది. ఆ నల్లనేల మీద నిలబడితే కాళ్ల కింద ఏదో కదులుతున్నట్టు వెచ్చగా ఉండేది. మా శాఖ చరిత్రలో మొట్టమొదటిసారి చినపర్రపాలెంలో నైట్రస్ ఆక్సైడ్ నిజంగా లేచింది. ఎవరూ కొలవలేదు. అంకె పుస్తకంలో ఉందిగా.

ఫొటో తీశాం. మరుసటేడు కాలవ మూసేశాం. కుంగిన నేలలోకి వానకంటే ముందు రేవులోంచి సముద్రపు నీళ్లు ఎక్కి నిలబడ్డాయి. ఉప్పులో తుంగ మొలవలేదు. "నీళ్లు కనబడుతున్నాయి కదా, అంతే" అన్నారు డైరెక్టర్ గారు ఫొటో చూసి. మన దేశం రెండోసారి నూటికి నూరు తగ్గించింది. రెండో కొంగ వచ్చింది. పథకం నివేదికకు "తరతరాల చాపల విజ్ఞానం ఆధారంగా" అని పేరు పెట్టారు. చాపల సంఘం మగ్గాలు పొయ్యిలోకి పోయాయి. కొందరు పట్నం పోయారు, నాంచారమ్మ రొయ్యల షెడ్డులో పొట్టు వలవడానికి కుదిరింది. ఒకసారి బస్టాండులో ఎదురుపడింది. వేళ్లకు పుళ్లు పడి గుడ్డలు చుట్టుకుని ఉంది. "బాగున్నారా సారూ" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా బస్సెక్కింది. ఆవిడ ఇచ్చిన చాప మీద ఆ తర్వాత నేను కూర్చోలేకపోయాను. చుట్టి అటక మీద పెట్టాను.

రిటైర్ కావడానికి వారం ముందు పైనుంచి ఇంకో పోలిక వచ్చింది. ఈసారి సంప్రదాయ చేతిపనులు, దేశాల వారీగా. డైరెక్టర్ గారు పాత సర్క్యులరే బయటికి తీయించి, ఏ ఊరికి ఆ ఊరి పని పేరు పెట్టి పంపారు. చినపర్రపాలెం నుంచి ఏసుపాదం అన్ని గళ్లూ ఖాళీగా వదిలేసి, సంతకం మాత్రం పెట్టి పంపాడు. గడి ఖాళీగా వదలకూడదు కాబట్టి నేనే నింపాను.

"ఒకటి: మీ గ్రామమందు తుంగచాపల పని ఉన్నదా? లేదు. రెండు: ఉన్నచో ఎన్ని కుటుంబములు? నిల్. మూడు: లేనిచో ఎంత లేదు?"

 ఆ ప్రశ్నకు అర్థం నాకు అప్పుడు తెలిసింది. "నలభై మూడు కుటుంబములు" అని రాశాను.

డైరెక్టర్ గారు రెండు కొంగల మధ్య నుంచి ఆ కాగితం అందుకుని చదివి, "చూశారా, నిల్ రిపోర్టు అంటే ఇలా ఉండాలి" అని సంతకం పెట్టారు.